నర్సత్త శోకంలో నేను కలిపిన మాట

పదహారేళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగుడు పడదు. బయటికి రాదు. నలుగురి మధ్య కూర్చుని నవ్విస్తున్నప్పుడు కూడా అది అక్కడే ఉంటుంది, నవ్వుతో పాటు కదులుతుంది, గుచ్చుతుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకపోతేనే మంచిది. పేరు రాయను. మా ఊరు పెద్దపల్లికి ఎడ్లబండి మీద ఒక పూట దూరం అని మాత్రం చెబుతాను. తెలిసినవాళ్లకు ఈ మాట చెబితే ఏమవుతుందో చెప్పి చూశాను. అందుకే తెలియని మీ దగ్గరికి వచ్చాను.

ముందే ఒప్పుకుంటాను, నేను కోతలు కోసే మనిషిని. మాది సాలోళ్ల వాడ. మా బాపు మగ్గం నేస్తూనే అరుగు మీద పిల్లలకు కానిగి బడి నడిపేవాడు. ఇసుకలో నా వేలు పట్టి దిద్దించాడు కాబట్టే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. కోతలు మాత్రం ఆయన నేర్పలేదు, అవి నా సొంతం. మా బాపు నేసిన చీర ఒకటి ఆరేస్తే గాలికి లేచి గోదావరి దాటిందని, జైనూర్ అడవిలో ఒక ఆడపులి మీద పడిందని, పులి అది చుట్టుకుని సిగ్గొచ్చి వేట మానేసిందని చెప్పేదాన్ని. చీర చిరిగాక కొత్తది నేయించుకోవడానికి అది మా వాకిట్లోకి వచ్చి కూర్చుందని, అంచు ఎరుపు కావాలా పసుపు కావాలా అని మా బాపు దాన్ని అడిగాడని కూడా చెప్పేదాన్ని. అందరికీ అబద్ధమని తెలుసు. అయినా అంచు ఏ రంగు కోరిందని అడిగేవాళ్లు. నేను రోజుకో రంగు చెప్పేదాన్ని.

ఇది నవ్వులాట. ఎవరికీ నష్టం లేదు. కానీ నా నోటికి ఇంకో పని కూడా ఉండేది.

మా వైపు చావింట్లో ఆడవాళ్లు ఊరికే ఏడవరు. రాగం తీసి, మాటలు కట్టి ఏడుస్తారు. శోకం తీయడం అంటాం. వచ్చే మనిషి గల్లీ మలుపు దగ్గరే కొప్పు విప్పుకుని మొదలుపెడుతుంది. ఇంటివాళ్లు ఎదురొచ్చి మెడ మీద పడతారు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఊగుతూ, పోయినవాళ్లను పేరుతో పిలుస్తూ, వాళ్లు చేసిన పనులు, పడ్డ కష్టాలు, తీరని ఆశలు అన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకుంటారు. చుట్టూ కూర్చున్నవాళ్లు చివరి మాట అందుకుంటారు. దీనికి ఒక కట్టుబాటు ఉంది. శోకంలో అన్న మాటకు ఎవరూ ఎదురు చెప్పరు, ఏడ్చే మనిషిని మధ్యలో ఆపరు. బతికున్నన్నాళ్లు అనలేనిది ఆ రోజు అనొచ్చు. భూమి పంచిన తీరు మీద అక్క, అత్త పెట్టిన ఆరళ్ల మీద కోడలు, ఆ రోజు అంతా అనేస్తారు. మగవాళ్లు తల వంచుకుని వింటారు. మర్నాటి నుంచి అది ఊరందరికీ తెలిసిన నిజం.

నాకు ఆ శోకం బాగా వచ్చు. ఎంత బాగా అంటే, పక్క ఊళ్ల నుంచి కూడా నాకోసం బండి కట్టి పంపేవాళ్లు. నేను మెడ మీద పడితే రాయి కూడా ఏడుస్తుందనేవాళ్లు. పోయిన మనిషి ఏనాడూ చేయని మంచిని రెండు మూడు మాటల్లో కలిపేదాన్ని. పిసినారి ముసలాయన పందిట్లో పదిమందికి అన్నం పెట్టినట్టు, పిరికివాడు రజాకార్లకు ఎదురు నిలబడినట్టు. ఇంటివాళ్లు సంతోషించేవాళ్లు. ఏడుస్తూ సంతోషించేవాళ్లు. అందులో తప్పేముంది అనుకునేదాన్ని. పోయినవాళ్లకు పోయే ముందు ఒక కొత్త చీర కట్టినట్టే కదా అనుకునేదాన్ని.

పోలీసు యాక్షన్ జరిగిన మూడో ఏడు అది. నూలు కంట్రోలు మీద దొరికే రోజులు. మా పక్కింట్లో నర్సవ్వ మంచం పట్టింది. నాకు చుట్టం కాదు, వాడలో అందరం అత్తా అనేవాళ్లం. ఆమెకు ఒక్కడే కొడుకు, మల్లేశం. కోడలు సత్తవ్వ. కూతుర్ని దగ్గరి ఊరికే ఇచ్చారు. నర్సత్త నాలుగు నెలలు మంచం మీదే అన్నీ. సత్తవ్వ ఒక్కతే ఎత్తింది, కడిగింది, తల దువ్వింది. ముక్కు మూసుకోకుండా, మొహం చిట్లించకుండా. నేను చూశాను. పక్కింటిదాన్ని కదా, నేను చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

ఆ రోజు పొద్దున మల్లేశం నూలు కోసం పెద్దపల్లి పోయాడు. కొంచెం పొద్దెక్కాక సత్తవ్వ మా ఇంటికి వచ్చింది. చంకలో అత్త బట్టల మూట. వాగుకు పోయి ఉతుక్కొస్తాను, అత్త దగ్గర జరసేపు కూర్చో అక్కా అంది. నీళ్లడిగితే తులసాకు వేసి గొంతులో పొయ్యి, ముంత తలాపుకే ఉంది అని కూడా చెప్పింది. ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఈ మాటలు నేను విన్నానని మీకు తెలియాలి. నాకు తెలియక జరిగింది కాదు ఇది.

నేను పోయి గడప మీద కూర్చున్నాను. అర్రలో మంచం మీద నర్సత్త. అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు రాట్నాల మీద కండెలు చుడుతున్నారు. రాట్నాల చప్పుడులో లోపలి మాట వాళ్లకు వినిపించదు. నాకు వినిపిస్తుంది. వాళ్లలో ఒకామె, ఏమే, మీ పులి మళ్లీ వచ్చిందా అని గిల్లింది. ఇంక చెప్పాలా, నేను మొదలుపెట్టాను. ఆ రోజు పులి పెళ్లికి పోతోంది. ఒక్క చీర చాలదంటోంది.

వెనక నుంచి, నీళ్లు, అని వినబడింది.

ఆఁ, తెస్త అత్తా, అన్నాను. లేవలేదు. పులి అప్పుడే అద్దం అడుగుతోంది.

మళ్లీ వినబడింది. ఈసారి ఇంకా సన్నగా. నేను వెనక్కి తిరగకుండా చెయ్యి ఎత్తి, ఆగు అన్నట్టు ఊపాను. అరుగు మీది వాళ్లు ఆ చెయ్యి కథలోదే అనుకుని నవ్వారు. వాళ్లు నవ్వుతుంటే నాకు ఇంకా ఊపొచ్చింది.

మూడోసారి వినబడలేదు.

కథ అయ్యాక తిరిగి చూస్తే నర్సత్త నోరు తెరిచే ఉంది. కళ్లు నా వైపే ఉన్నాయి. ముంత తలాపుకే ఉంది. మంచానికి మూరెడు దూరం కూడా లేదు.

ఆఖరి ఘడియలో గొంతులో నీళ్లు పడకుండా పోవడం అంటే మా దగ్గర ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. పగవాళ్లకైనా పోస్తారు. ఆ క్షణంలో నాకు ఏమనిపించింది? నర్సత్త మీద జాలి అని రాయాలని ఉంది. కానీ మీకు కూడా అబద్ధం రాస్తే ఈ కాగితం ఎందుకు? నాకు ముందు వచ్చింది భయం. ఆమె పక్కన ఎవరున్నారు అని అడుగుతారు. నీళ్లు పోశావా అని అడుగుతారు. వాడంతా అడుగుతుంది. అందరూ కథల కోసం చుట్టూ మూగే మనిషిని, నన్ను, ముసలిదాన్ని నోరెండబెట్టి చంపినదాన్ని చేస్తారు.

అరిచాను. రాట్నాలు ఆగాయి. మనుషులొచ్చారు. ఎవరో వాగుకు పరుగెత్తారు. సత్తవ్వ తడిబట్టల మూటతో అట్లాగే పరుగెత్తుకొచ్చి గడపలో నిలబడిపోయింది. మూటలోంచి నీళ్లు కారుతున్నాయి. వాడ ఆడవాళ్లంతా నా మొహం చూస్తున్నారు. శోకం నేనే ఎత్తాలి కదా. అలవాటు కదా. ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు. అడగకముందే సత్తవ్వ మెడ మీద పడి ఎత్తాను.

"ఓ అత్తా... నర్సత్తా... పొద్దుగాల్లనే నీళ్లడిగితివి గదత్తా... కోడలు ఇనీ ఇననట్టు మూటెత్తుకొని పాయె గదత్తా... గొంతెండి నా చెయ్యి పట్టుకొని చెప్పుకుంటివి గదత్తా... నేను ముంత అందుకునేటాల్లకే కండ్లు మూసుకుంటివి గదత్తా..."

ఆడవాళ్లు చివరి మాట అందుకున్నారు, అరుగు మీద నా కథ విన్న ఆ ఇద్దరు కూడా. గదత్తా, గదత్తా అని వాడంతా ఊగింది.

నా చేతుల్లో సత్తవ్వ ఒళ్లు ఒక్కసారి బిగుసుకుంది. తల వెనక్కి తీసి నా కళ్లలోకి చూసింది. ఎంతసేపు? ఒక ఊపిరంత. కట్టుబాటు ఆమెకూ తెలుసు. శోకానికి ఎదురు లేదు. పైగా ఆమె ఇంటి కోడలు, ఆ రోజు ఆమెకు నోరు లేదు. మళ్లీ నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను చేసిన పాపాన్ని నేను ఆమె చెవిలో పాడుతుంటే, ఆమె నన్నే గట్టిగా పట్టుకుని ఏడ్చింది.

మల్లేశం పెద్దపల్లి నుంచి వచ్చేసరికి అదే మాట నాలుగోసారో అయిదోసారో సాగుతోంది. సత్తవ్వ ఆడబిడ్డ కూడా వచ్చేసింది, ఆమె మెడ మీద కూడా పడి పాడాలి కదా. నూలు మూట దించకుండా వాకిట్లో నిలబడి విన్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. శోకంలో విన్నాక అడగడానికి ఏముంటుంది?

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. పదో రోజున చుట్టాలంతా చేరినప్పుడు ఆడబిడ్డ నన్ను పక్కకు కూర్చోబెట్టుకుని, మా అవ్వ ఆఖరుకు ఏమన్నది, సరిగ్గా చెప్పు అని అడిగింది. పదిమంది మూగారు. అప్పుడు నేను ఇంకొకటి కలిపాను. నర్సత్త మంచం మీది నుంచి సత్తవ్వ కొంగు పట్టుకుందని, సత్తవ్వ గుంజుకుని పోయిందని. ఎందుకు కలిపాను? ఎవరూ నన్ను అనుమానించడం లేదు. భయం అప్పటికే పోయింది. మూగినవాళ్ల కళ్లు నా మీద ఉన్నాయి, అంతే. కథకు ఒక చెయ్యి కావాలనిపించింది. ఆ పదో రోజు సంగతి తలచుకుంటే, మొదటి రోజు అబద్ధం కూడా భయం వల్లేనా అని నన్ను నేనే నమ్మలేను. శోకానికి ఒక పోటు కావాలి, ఆ పోటు నా నోటికి అందింది, అందుకే వాడానేమో. పదహారేళ్లుగా తరచి చూసుకుంటున్నాను. రెండూ ఒకే దారంలో పేనుకుని ఉన్నాయి. విడదీయలేకపోతున్నాను.

ఆ తర్వాత జరిగింది నేను రోజూ చూశాను. మధ్య గోడ నడుమెత్తే ఉండేది. సత్తవ్వను ఎవరూ కొట్టలేదు, వెళ్లగొట్టలేదు. మల్లేశం ఒక్కటే మానేశాడు. ఆమె చేతి నీళ్లు తాగడం. అన్నం ఆమె పెడితే తినేవాడు. నీళ్లకు మాత్రం లేచి, తన ముంతతో తానే ముంచుకునేవాడు. ఆమె చెంబు పట్టుకుని నిలబడితే, పక్క నుంచి వెళ్లి ముంచుకునేవాడు. కొన్నాళ్లకు ఆమె చెంబు పట్టుకుని నిలబడడం మానేసింది. వాడలో పెళ్లిళ్లయితే కూరలు తరగడానికి పిలిచేవాళ్లు, నీళ్ల బిందె దగ్గర మాత్రం ఇంకెవరో ఉండేవాళ్లు.

ఒకసారి నేను గోడ అవతల నుంచి ఆమెను పిలిచాను. చెబుదామనే పిలిచాను. ఆమె వచ్చి నిలబడితే, మీ చిక్కుడు పాదు కాసిందా అని అడిగాను.

రెండేళ్లకు మగ్గం సాగక వాళ్లు గోదావరి అవతల బొగ్గుబావుల పనికి పోయారు. సామాను బండికెత్తాక సత్తవ్వ నా దగ్గరికి వచ్చింది. "అత్త ఆఖరు మాట నీ నోట్లకెల్లి ఇన్న. నేను మూట కట్టే తొందర్ల ఇనలేదో ఏమో. నువ్వు చెప్పకపోతే నాకు తెల్వకనే పోతుండె" అంది. నిష్ఠూరం కాదు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఎన్నిసార్లు వెతికానో. లేదు. బండి మలుపు తిరిగింది. నేను పీడ వదిలిందనుకున్నాను. చూడండి, ఆ మాట కూడా రాస్తున్నాను. వదిలిందనే అనుకున్నాను.

వదలలేదు. నేను కట్టిన మాటలు బాగున్నాయి, అదీ నా ఖర్మ. ఆడవాళ్లు ఎత్తుకుపోయారు. పెళ్లై పోయిన ఆడపిల్లలతో పాటు ఊళ్లు తిరిగాయి. కొన్నేళ్లకు మా చెల్లెలి అత్తగారు పోతే ఇచ్చోడ పోయాను. అక్కడ సగం మరాఠీ కలిసిన మాటతో ఒక ముసలామె శోకం తీస్తోంది. మూటెత్తుకుని పోయిన కోడలు అందులో ఉంది. నా రాగమే. పక్కన కూర్చున్నామెను, ఎవరా కోడలు అని అడిగితే, గోదావరి అవతలి ఊళ్లో సత్తవ్వ అనే ఒక రాక్షసి ఉండేదట అని చెప్పింది. ఆ రోజు నేను ఏడవలేదు. గొంతు పట్టేసిందని చెప్పాను. అప్పటి నుంచి చావిళ్లకు పోతాను గానీ శోకం ఎత్తను. వయసుతో గొంతు పోయిందని అందరూ అనుకుంటున్నారు.

ఈ ఏడు మొదట్లో మల్లేశం పోయాడని కబురొచ్చింది. బావిలో దుమ్ము ఛాతీలో చేరి ఏడాది దగ్గి దగ్గి పోయాడట. మూడో రోజుకు అందుకోవాలని పెద్దపల్లిలో రైలెక్కాను. ఈసారి చెప్పాలి అనుకున్నాను. రైలు గోదావరి దాటుతుంటే కూడా అనుకున్నాను. దిగాక కాళ్లు మాత్రం మెల్లగా నడిచాయి.

కాలనీలో అన్నీ ఒకే తీరు క్వార్టర్లు. ఏ దేశాల నుంచి వచ్చారో, ఎన్ని భాషలో. ఆ ఇంటి ముందు ఛత్తీస్‌గఢ్ వైపు ఆడవాళ్లు, అరవవాళ్లు, కోస్తావాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరి ఏడుపు వాళ్లకు వచ్చు, కలిసి ఎట్లా ఏడవాలో తెలియక కొంగులు నోట్లో పెట్టుకుని నిలబడ్డారు. నేను గల్లీ మలుపులో కొప్పు విప్పాను. రాగం మాత్రం ఎత్తలేదు. సత్తవ్వే ఎదురొచ్చి నా మెడ మీద పడింది. ఎంత చిక్కిపోయిందో. ఎత్తింది. మల్లేశాన్ని పిలిచింది. నీ తల్లికి నీళ్లియ్యని దాన్ని గదయ్యా అంది. నా రాగం. మెలిక కూడా నాదే, "గద" దగ్గర ఊపిరి విరిచే ఆ మెలిక. నిన్ను పదారేండ్లు నీళ్లకు ఎడబాపిన దాన్ని గదయ్యా అంది. ఆ ఆడవాళ్లలో సగం మందికి మాట అర్థం కాకపోయినా అందరూ చివర అందుకున్నారు. గదయ్యా, గదయ్యా. నేను కట్టిన అబద్ధం నాకు తెలియని భాషల నోళ్లలో ఊగింది.

ఆ మధ్యాహ్నం క్వార్టరు వెనక ఇద్దరమే కూర్చున్నాం. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. ఆఖరి రోజుల సంగతి అడిగాను. చెప్పింది. దగ్గు ఎక్కువై లేవలేకపోయినప్పుడు కూడా, ఆమె గ్లాసు తెస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడట. పక్క క్వార్టరు ఆమెను పిలిచి పోయించేదట. ఇది చెబుతూ ఆమె బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది.

అప్పుడు చెప్పాను.

"సత్తవ్వా, మీ అత్త నిన్ను నీళ్లడగలే."

"ఎవలన్నరు?"

"నేనంటున్న. నన్నడిగింది. నువ్వు వాగుకు పోయినంక అడిగింది. రెండుసార్లు. నేను గడప మీద కూసొని పులి కథ చెప్పుకుంట లేవలే. అందరు నన్నంటరని నీ మీద ఏసిన."

ఆమె చేతులు ఆగాయి. నా మొహం చూసి, చిన్నగా నవ్వింది. నవ్వింది, నిజం.

"నువ్వు మారవక్కా. నన్ను ఊరడించేతందుకు గంత దూరంకెల్లి కథ కట్టుకొని వచ్చినవా?"

"కథ గాదే. ఒట్టు."

"చావింట్ల ఒట్లెందుకక్కా. నాకు యాదికున్నది. మూట ఎత్తుకున్న. అత్త కొంగు పట్టుకున్నది. గుంజుకున్న. ఆ చేతి ఏళ్లు ఎట్ల పట్టుకున్నయో గూడ యాదికున్నది."

"కొంగు నేను కల్పించిందే! పదో దినం నాడు, మీ ఆడబిడ్డ ముంగట, నోటికొచ్చి కల్పించిన!"

"నా కండ్ల ముంగట కనవడుతుంటె కల్పించిన అంటవేంది?"

ఆమె మళ్లీ బియ్యంలో వేళ్లు పెట్టింది. ఏరలేదు, ఊరికే కదిపింది. నా వైపు చూడకుండా అంది.

"సరే, నువ్వన్నదే నిజమనుకుందాం. అయితే ఆయన పదారేండ్లు నన్ను ఉత్తగనే శిక్షించినట్టా? పోయిన మనిషి మీద గా మాట ఏస్తవా? నేను చేసింది తప్పు, ఆయన చేసింది న్యాయం అనుకొని బతికినక్కా. అట్లనుకుంటెనే ఆయన పక్కకు పండుకున్న. ఇప్పుడు గది గూడ తీసేస్తవా?"

"సత్తవ్వా..."

"ఊకో. ఇంకెవలకు చెప్పకు. అన్నం తిందువు లే."

అన్నం తిన్నాను. ఆమె పెట్టింది, తిన్నాను. నమ్మిందా? నమ్మలేదా? నమ్మి, నమ్మనని తేల్చుకుందా? రైల్లో కూర్చుని, దిగి, ఇంటికొచ్చి, ఇప్పటికీ నన్ను నేను అదే అడుగుతున్నాను. క్షమించు అని అడగడానికి పోయాను నేను. ఆమె ఎవరిని క్షమించాలి? నన్ను క్షమించాలంటే ముందు నన్ను నమ్మాలి. నమ్మితే ఆమెకు మిగిలేది ఏమిటి? ఒక తప్పూ లేకుండా పదహారేళ్లు, ఒక మంచివాడు కట్టుకున్న భార్య చెయ్యి తోసేసిన లెక్క. అది నేను ఇంకోసారి ఆమె మెడకు కట్టడమే కదా. లేక ఇట్లా ఆలోచించడం కూడా నాకు తోచిన ఇంకో తప్పించుకునే దారా? తెలియదు. నా ఆలోచనల మీద నాకు అంత నమ్మకం లేదు.

ఇంకెవరికీ చెప్పకు అంది. ఆ మాట దాటాను. ఊరికి రాగానే ఆడబిడ్డ దగ్గరికి పోయి చెప్పాను. కనీసం అటువైపైనా సత్తవ్వ పేరు కడుగుదామని. ఆమె తాంబూలం నములుతూ విని, "అప్పుడొక తీరు చెప్తివి, ఇప్పుడొక తీరు చెప్తున్నవు. మల్లేశం పోయిండని సత్తవ్వ మీద జాలి పుట్టిందా? మనసు మంచిదే నీది" అంది. నా మనసు మంచిదట. పక్కనున్నవాళ్లు, పులి సంగతి ఏమైందని అడిగారు. నేను ఇరవై ఏళ్లు కట్టిన అబద్ధాలన్నీ నమ్మినవాళ్లు, లేక నమ్మినట్టు నవ్వినవాళ్లు, నేను చెప్పిన ఒక్క నిజాన్ని మెచ్చుకుని పక్కన పెట్టారు.

అందుకే మీరు. మీరు నా గొంతు వినలేదు. పులిని ఎరగరు. మీ ఎదుట ఊగడానికి నాకు మెడ లేదు, అందుకోవడానికి చుట్టూ మనుషులు లేరు. రాగం లేకుండా, ఒకటొకటి రాస్తున్నాను.

నర్సవ్వ నీళ్లడిగింది నన్ను. రెండుసార్లు అడిగింది. నేను విన్నాను. లేవలేదు. ఆ సమయానికి సత్తవ్వ వాగు దగ్గర అత్త బట్టలు ఉతుకుతోంది. ఆమె కొంగు ఎవరూ పట్టుకోలేదు. ఆమె ఎవరి చెయ్యీ గుంజి పారేయలేదు.

సత్తవ్వ ఒప్పుకోకపోయినా ఇది ఇంతే. ఇది రాసినందువల్ల ఆమెకు ఒక్క రోజు కూడా తిరిగి రాదని తెలుసు. నాకు మాత్రం చెయ్యి కొంచెం తేలికైంది. అంతకు మించి ఆశించే ముఖం నాకు లేదు.